ఒకటో క్లాసులో ఫిర్యాదుల కౌంటరు

పోయిన వారం కొత్త టీచర్ని మనం బొత్తిగా బాగాలేని చోట వదిలి వచ్చేశాం. బుధవారం ఆఖరి గంట కొట్టే వేళకి ఒకటో క్లాసు పిల్లలు యాభై మందికి పైగా బెంచీల కింద దూరి, ఒక్కళ్ళు కూడా బయటికి రామని భీష్మించుకుని కూర్చున్నారు. టీచరేమో నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో సుద్దముక్కతో, "దయచేసి మీ మీ స్థానాల్లోకి వస్తారా" అని బెంచీ కాళ్ళని బతిమాలుతోంది. సరిగ్గా అప్పుడు గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ చెప్పులు కనబడ్డాయి. చెప్పుల పైనున్న మనిషి మొహం చూడ్డానికి టీచరుకు ధైర్యం చాలలేదు.

చెప్పులు లోపలికి రాలేదు. మాట మాత్రం వచ్చింది.

"శుక్రవారం మధ్యాహ్నం వస్తాను. అప్పటికి ఈ క్లాసు దారికొచ్చిందా సరే. రాలేదంటే సోమవారం నుంచి వీళ్ళని విడగొట్టి పక్క సెక్షన్లలో కలిపేస్తాను. మీరు ఇంకో ఉద్యోగం చూసుకోవచ్చు."

పిల్లలు బెంచీల కింద ఉన్నారు గానీ చెవులు బయటే ఉన్నాయి. ఆ సంగతి పెద్దవాళ్ళెవరికీ తట్టలేదు.

ఈ టీచరుకు పిల్లలంటే ఇష్టం లేక కాదు. చదువు లేకా కాదు. ఆవిడ అవస్థ వేరు. ఈ ఉద్యోగం రాకముందు ఆవిడ ఒక ఫ్యాన్ల కంపెనీలో ఫిర్యాదుల కౌంటరు వెనక కూర్చునేది. అద్దానికి అటువైపు కోపంతో ఊగిపోయే మనుషులు, ఇటువైపు ఈవిడ. ఎంత తిట్టినా, "మీ ఇబ్బందికి మా కంపెనీ తరఫున చింతిస్తున్నాం" అనేది. ఆ తర్వాత కంపెనీవాళ్ళు ఆ మాట అనడానికి ఒక యంత్రాన్ని పెట్టుకుని ఈవిణ్ణి ఇంటికి పంపించేశారు. మనిషి కౌంటరులోంచి బయటికొచ్చింది గానీ నాలుక ఇంకా రాలేదు.

సోమవారం పొద్దున ముందు బెంచీలో పళ్ళూడిపోయిన ఒక బుడతడి దగ్గరికెళ్ళి, "మీ పేరు చెబుతారా?" అని అడిగింది. వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా పెద్దాయన వచ్చి నిలబడ్డాడేమోనని. ఎవరూ లేరు. తననే 'మీరు' అంటున్నారని తెలిసేసరికి వాడికి నవ్వాగలేదు. వాడు నవ్వితే పక్కవాడు, ఆ పక్కవాడు, ఇంక క్లాసంతా. ఆ క్షణం నుంచే పగ్గాలు చేజారిపోయాయి.

రెండో అవస్థ పాత టీచరు. ఆవిడ భర్తకి ఇంకో ఊరు బదిలీ అయి సంవత్సరం మధ్యలోనే వెళ్ళిపోయింది. వెళ్ళిందే గానీ క్లాసులోంచి కదల్లేదు. కొత్త టీచరు బోర్డు తుడిస్తే, "మా టీచర్ పైనుంచి కిందికి తుడుస్తారు." పాట పాడితే, "మా టీచర్ అలా పాడరు." దగ్గితే కూడా ఏదో ఒక వంక. ఈ 'మా టీచర్' పాటకి పల్లవి ఎత్తుకునేది రెండు జడల పిల్ల. తనకి తానే లీడరునని ప్రకటించుకుంది, అందరూ లీడరనే పిలుస్తారు. ఆ పిల్ల 'మా' అన్నప్పుడల్లా కొత్త టీచరుకి మొహం మీద తలుపు వేసినట్టుండేది.

బుధవారం సాయంత్రం ఆవిడ ఇంటికి చేరేసరికి మేనత్త కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఈ పెళ్ళికాని మేనకోడలు ఉండేది ఆ మేనత్త దగ్గరే.

"ఏమే, పిల్లలు నిన్ను మింగారా, నువ్వు పిల్లల్ని మింగావా?" అంది అత్తయ్య మిషను ఆపకుండానే.

"ఎల్లుండితో అయిపోతుంది అత్తయ్యా. ఫ్యాన్లే నయం. తిరగకపోతే తిరగవు, అంతే. వీళ్ళు ఆగరు."

"ఆగకుండా ఏం చేస్తారు?"

"ఏం చేస్తారేంటి, ఒకటే ఫిర్యాదులు. టీచర్ వీడు గిల్లాడు, టీచర్ అది నా పెన్సిల్ చూసి నవ్వింది, టీచర్ వాడు నా గాలి పీలుస్తున్నాడు. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నుంచి మొదలు. ఒకటి తేల్చేలోపు పది. పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఫిర్యాదులు, ఫిర్యాదులు, ఫిర్యా..."

అక్కడ ఆగిపోయింది. అత్తయ్య మిషను ఆపి కళ్ళద్దాల మీంచి చూసింది.

"ఏమైందే?"

"అత్తయ్యా, గుడ్డ తానుల్లో వచ్చే అట్టలున్నాయా?"

"బోలెడు. ఎందుకు?"

"కత్తెర ఇటివ్వు."

గురువారం పొద్దున పిల్లలు వచ్చేసరికి క్లాసు రూపం మారిపోయి ఉంది. టీచరు బల్ల కిటికీ పక్కకి జరిగింది. దాని ముందు కాదు, దాని పక్కన, టీచరు కుర్చీకి ఆనుకుని, ఒక బుల్లి కుర్చీ. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'ఫిర్యాదుల కౌంటరు' అని ఉంది. ఎవరికీ చదవడం రాదు కాబట్టి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు.

"ఇవాళ్టినుంచి ఎవరికి ఏ కష్టమొచ్చినా వింటాను," అంది టీచరు. "పూర్తిగా వింటాను. కానీ టోకెను ఉండాలి. టోకెను మీద ఒక అక్షరం ఉంటుంది. నేను ఆ అక్షరం పిలిచినప్పుడే రావాలి. వరసగా పిలవను, నా ఇష్టమొచ్చినట్టు పిలుస్తా. నీ అక్షరం నీకు తెలియకపోతే వంతు పోయినట్టే. చోటు వదిలి లేచినా టోకెను చెల్లదు."

'మీ ఇబ్బంది' లేదు, 'చింతిస్తున్నాం' లేదు. నువ్వు, నేను. తను మాట మార్చిన సంగతి ఆవిడకే తర్వాతెప్పుడో తెలిసింది.

ఎవరి అక్షరమేదో ఒక్కసారి చెవిలో చెబుతూ అట్టముక్కలు పంచింది. అ నుంచి క్ష దాకా, ఒక్కొక్కళ్ళకి ఒక్కో అక్షరం. ఙ మాత్రం ఎవరూ తీసుకోలేదు. చూడ్డానికే చిక్కుపడ్డ దారంలా ఉందని అందరూ పక్కకి తోసేశారు, అది బల్ల మీదే మిగిలిపోయింది. లీడరుకి క వచ్చింది. ఆ పిల్ల దాన్ని జేబులో వేసుకుని, "మా టీచర్ ఉన్నప్పుడు మాకు ఫిర్యాదులే లేవు," అని చేతులు కట్టుకుని కూర్చుంది.

"ప!"

పళ్ళూడిన బుడతడు ఎగిరి గంతేశాడు. వాడి అక్షరం వాడికి వాళ్ళక్క ఎప్పుడో నేర్పింది. బుల్లి కుర్చీలో కూర్చుని అన్నాడు: "టీచర్, ఆ మూల వాడు నా వైపే చూస్తున్నాడు."

నిన్నటిదాకా అయితే, మీ ఇబ్బందికి చింతిస్తున్నాం అనేసి బోర్డు వైపు తిరిగేది. ఇవాళ మోచేయి బల్ల మీద ఆనించి, తల వంచి, ఇదివరకు ఫ్యాను రెక్క ఊడి మీద పడ్డవాళ్ళ మాట ఎంత శ్రద్ధగా వినేదో అంత శ్రద్ధగా అడిగింది. "ఎప్పట్నుంచి చూస్తున్నాడు?"

బుడతడు తడబడ్డాడు. ఇంతవరకూ ఈ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగలేదు. "సోమవారం నుంచి."

"ఇప్పుడేం చేస్తే బాగుంటుంది?"

చాలాసేపు ఆలోచించాడు. "నేనూ వాణ్ణి చూస్తా."

"బావుంది. ఇద్దరూ చూసుకోండి. ముందు నవ్వినవాళ్ళు ఓడినట్టు."

బుడతడు గెలిచినవాడిలా వెనక్కి వెళ్ళాడు. ఆ తర్వాత వచ్చినవాడు రబ్బరుగాడు. వాడి ఫిర్యాదు: నా రబ్బరు ఎవరో కొరికి తినేశారు. ఎవరు? వాడు నేల చూపులు చూసి, "నేనే," అన్నాడు. ఆ ఫిర్యాదూ నవ్వకుండా తీసుకుంది. నవ్వు ఆపుకోవడానికి బుగ్గలు లోపల్నుంచి కొరుక్కోవాల్సొచ్చింది, అది వేరే సంగతి.

మధ్యాహ్నానికి అసలు విడ్డూరం మొదలైంది. "ధ!" అని పిలిస్తే ముగ్గురు లేచారు. మూడు టోకెన్లూ పక్కపక్కన పెట్టి వాదించుకున్నారు. "నీ పొట్టలో చుక్కుంది, నీది థ. నీకు చుక్కా లేదు, కింద గీతా లేదు, నీది ద. నాదే ధ!" తప్పుగా లేచిన ఇద్దరి వంతులూ పోయాయి. ఇంక చూడాలి. వంతు పోతుందన్న భయానికి క్లాసు మొత్తం తలలు వంచుకుని తమ తమ అక్షరాన్ని మిర్రిమిర్రి చూసుకోవడం మొదలుపెట్టింది. పక్కవాడి అక్షరం కూడా తెలిస్తే వాణ్ణి దొంగతనంగా లేవకుండా పట్టుకోవచ్చని ఎవరికో తట్టింది. సాయంత్రానికి అందరికీ అందరి అక్షరాలూ వచ్చేశాయి. టీచరు సుద్దముక్క ముట్టుకోలేదు.

ఇంటికెళ్ళి అత్తయ్యతో ఆ సంగతి చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. సంతోషానికి.

శుక్రవారం మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ చెప్పినట్టే వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ వరండా చివరికి వినబడే క్లాసు ఇది. ఇప్పుడు గది నిండా పిల్లలున్నారు, చప్పుడు లేదు. ఒక పాప టీచరు పక్కన కూర్చుని ఏదో చెవిలో చెబుతోంది. మిగతావాళ్ళు అట్టముక్కలు గుండెలకి ఆనించుకుని ఎదురు చూస్తున్నారు.

హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకుంది. టీచరు లేచి నిలబడబోయేలోపు బుడతడు బల్ల మీద మిగిలిన ఆ ఒక్క టోకెను పట్టుకుని గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు.

"మేడమ్, ఇదిగో. మీరు ఙ. ఇదొక్కటే మిగిలింది. వెనక బెంచీలో కూర్చోండి. పిలిచేదాకా లేవకూడదు, లేస్తే చెల్లదు."

"నేనెవరో తెలుసా?" అంది ఆవిడ.

"తెలుసు, పెద్ద మేడమ్," అన్నాడు వాడు. తర్వాత జాలిగా అడిగాడు: "మీకు అక్షరాలు వచ్చుగా?"

ఆవిడ టోకెను వైపు చూసి, వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. బెంచీ పిల్లలది, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

ఇంక వెనకాడి లాభం లేదనుకుని టీచరు పిలుస్తూ పోయింది. చ. ట. ఓ. బ. భ. పిలిచిన అక్షరానికి ఆ అక్షరమున్నవాళ్ళే లేచారు. ఒకడు తప్పు లేవబోతే పక్కవాడు చొక్కా పట్టుకుని లాగి, "నీది ఛ రా, కింద చూడు," అన్నాడు. వెనక బెంచీలో పెద్దావిడ కళ్ళు ఒక్కో పిల్లవాడి మీదికీ మారుతున్నాయి.

"క!"

ఎవరూ లేవలేదు. రెండు రోజులుగా ఆ అక్షరం పిలిస్తే ఎవరూ లేవడంలేదు. టీచరు ఇంకో అక్షరం అందామనుకుంటుండగా లీడరు జేబులో చెయ్యి పెట్టింది. టోకెను తీసింది. మెల్లగా వచ్చి బుల్లి కుర్చీలో కూర్చుంది. రెండు జడలూ ముందుకి లాక్కుంది.

"ఏం జరిగింది?" అని అడిగింది టీచరు.

"మొన్న పెద్ద మేడమ్ అన్నారు. మేం బెంచీల కింద ఉన్నప్పుడు." లీడరు జడ కొస వేలికి చుట్టుకుంది. "సోమవారం మనల్ని విడగొట్టేస్తారంట."

టీచరు వింటూ వింటూ తల ఎత్తింది.

మమ్మల్ని అనొచ్చు. వారమంతా ఆ పిల్ల అన్నది అదే. మా, మేము, మమ్మల్ని. ఇప్పుడు మనల్ని అంది. సరిగ్గా విన్నానా అని ఆవిడకి అనుమానమొచ్చింది.

"ఎవర్ని విడగొడతారు?"

"మనల్ని."

"మనల్ని అంటే ఎవర్నమ్మా?"

ఇంత చిన్న మాట తెలియదా అన్నట్టు చూసింది లీడరు. వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. "వాణ్ణి. వీణ్ణి. రబ్బరుగాణ్ణి. నన్ను." ఆ వేలు చివరికి టీచరు చెయ్యి మీద ఆగింది. "మిమ్మల్ని."

టీచరుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలనిపించలేదు. కౌంటరులో కూర్చున్న అన్నేళ్ళలో అద్దానికి అటువైపు మనిషి ఎవరూ ఆవిణ్ణి తమతో కలిపి ఒక్క మాట అనలేదు.

"ఇప్పుడేం చేస్తే బాగుంటుంది?" అని అడిగింది.

"మీరు పెద్ద మేడమ్‌కి గట్టిగా చెప్పండి."

రెండు రోజుల కిందటైతే ఈ మాటకే పై ప్రాణాలు పైనే పోయేవి. ఇప్పుడు నిటారుగా కూర్చుంది. వెనక బెంచీ వైపు చూసింది. "ఙ!" అని పిలిచింది.

"ఙ మేడమ్! ఙ మేడమ్!" అని క్లాసంతా వెనక్కి తిరిగి అరిచింది.

హెడ్‌మిస్ట్రెస్ బెంచీలోంచి తనని తాను బయటికి లాక్కుని, నడిచి వచ్చింది. బుల్లి కుర్చీ లీడరు వదల్లేదు, అందుకని నిలబడాల్సొచ్చింది.

"ఏమిటిది? క్లాసా, కరెంటాఫీసా?"

"ఆఫీసే మేడమ్," అంది టీచరు. "ఇక్కడ చెబితే వింటారని తెలిసింది, అందుకే కూర్చున్నారు. దారికి రావాలన్నారు, వచ్చారు. అక్షరాలు కూడా వచ్చాయి, ఇందాకట్నుంచి మీరే చూశారు. ఈ అమ్మాయి ఫిర్యాదు నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. జవాబు మీరే చెప్పాలి."

హెడ్‌మిస్ట్రెస్ టీచర్ని చూసింది. లీడరుని చూసింది. చేతిలో ఉన్న ఙని చూసింది.

"విడగొట్టను," అంది చివరికి.

"ఎప్పటిదాకా?" అని లీడరు వెంటనే అడిగింది.

పెద్దావిడ మూతి బిగించింది. నవ్వు ఆపుకోవడానికి మనుషులు అలాగే బిగిస్తారు. "మీరు రెండో క్లాసుకి వెళ్ళేదాకా. మీ టీచరూ మీతోనే ఉంటారు. చాలా?"

ఆ తర్వాత పుట్టిన చప్పుడికి కిటికీ రెక్కలు అదిరాయి. రబ్బరుగాడు ఉన్న రబ్బరు గాల్లోకి విసిరేశాడు. బుడతడు బెంచీ ఎక్కి గంతులేశాడు. టీచరు ఎవర్నీ కూర్చోమనలేదు. తనూ లేచి చప్పట్లు కొట్టింది, హెడ్‌మిస్ట్రెస్ ఎదురుగానే. ఈ వారంలో ఆవిడ చేసిన మొదటి అల్లరి అదే.

సందడి కొంచెం తగ్గాక హెడ్‌మిస్ట్రెస్ టోకెను బల్ల మీద పెట్టింది.

"నా వంతు ఇంకా అవలేదు కదా. నాకూ ఒక ఫిర్యాదుంది. మీ పిల్లల్లో కొంతమందిని పక్క సెక్షన్ మాస్టారికి అప్పగిద్దామనుకున్నాను. పొద్దున్నే ఆయన్ని పై క్లాసులకి పంపమని ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు ఆయన పిల్లలకే టీచరు లేరు. మీ గదికి వచ్చేటప్పుడు, మిమ్మల్ని పంపించేసి రెండు క్లాసులకీ కలిపి ఎవర్నైనా గట్టివాళ్ళని తేవాలనుకున్నాను. ఇంక వెతకక్కర్లేదనిపిస్తోంది." కొంచెం ఆగి, టీచరు మాటనే టీచరుకి అప్పజెప్పింది. "ఇప్పుడేం చేస్తే బాగుంటుంది?"

టీచరు నోరు తెరిచేలోపే ఆవిడ గుమ్మం వైపు చెయ్యి ఊపింది. వరండాలోంచి పిల్లలు వచ్చారు. సంచులు వీపులకి తగిలించుకుని, ఒకళ్ళ వెనక ఒకళ్ళు, పెదాల మీద వేళ్ళు పెట్టుకుని. మాస్టారి క్లాసులో నడవాలన్నా నోటి మీద వేలుండాల్సిందే. హెడ్‌మిస్ట్రెస్ వాళ్ళ పక్కనుంచి జారుకుంది. అంత గబగబా ఆవిడ నడవగలదని ఎవరూ అనుకోలేదు.

లీడరు బుల్లి కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది. గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపింది.

"ఇది మా క్లాసు. మా టీచర్ని మేమివ్వం."

ఆ 'మా'లో ఈసారి టీచరు కూడా ఉంది. వారమంతా బయట నిలబెట్టిన మాట ఇప్పుడు తనని లోపల పెట్టుకుని తలుపేసింది. టీచరుకి ఒళ్ళు పులకరించింది. అదే క్షణంలో గుమ్మం బయట ముందున్న పిల్లాడి కళ్ళు నిండడం కూడా కనబడింది. వాడు పెదవి మీద వేలు తీశాడు.

"టీచర్, మాక్కూడా టోకెన్లిస్తారా?"

టీచరు బల్ల మీద చూసింది. ఙ తప్ప ఏమీ లేదు. అ నుంచి క్ష దాకా అన్నీ పంచేసింది. గుమ్మం బయట ఇంకో యాభై మంది ఉన్నారు. కొత్త అక్షరాలు ఎక్కడినుంచి తెస్తుంది?

లీడరు చేతిలోని క వైపు చూసి, సుద్దముక్క తీసుకుంది. లీడరు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీ క ఒక్కసారి ఇస్తావా? దాని పక్కన దీర్ఘం పెడితే కా అవుతుంది. గుడి పెడితే కి, కొమ్ము పెడితే కు. నీ ఒక్క అక్షరంలో ఇంకా చాలామందికి చోటుంది. కానీ అది నీది. నువ్విస్తేనే."

లీడరు టీచరు మొహంలోకి చూసింది. గుమ్మం బయటి పిల్లాడు చాపిన చేతిని చూసింది. క ఉన్న పిడికిలి వీపు వెనక్కి వెళ్ళింది.

క్లాసంతా ఆ పిల్లనే చూస్తోంది. వాళ్ళందరి పిడికిళ్ళూ బిగుసుకునే ఉన్నాయి. లీడరు ఏం చేస్తే వాళ్ళూ అదే చేస్తారు.

చాలాసేపటికి ఆ పిడికిలి ముందుకొచ్చింది. ఇంకా తెరుచుకోలేదు.